పడినందుకా, వయసుకా? గుర్రమెక్కే నడివయసు మహిళల మెదడు, ఒళ్లు

2024 పారిస్ ఒలింపిక్స్‌లో జర్మనీ రౌతు ఇసబెల్ వెర్త్ డ్రెస్సాజ్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది. అప్పటికి ఆమె వయసు 55. తొలి ఒలింపిక్స్ ఆడింది 1992లో, బార్సిలోనాలో. డ్రెస్సాజ్ అంటే గుర్రం చేత కొలిచినట్టు అడుగులు వేయించే పోటీ. స్త్రీ, పురుష విభాగాలు లేకుండా అందరూ ఒకే పట్టికలో తలపడే క్రీడ గుర్రపు స్వారీ. వయసు పట్టింపు కూడా తక్కువే. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున దిగిన లోర్నా జాన్‌స్టన్‌కు 70 ఏళ్లు. టోక్యో ఆటల్లో ఆస్ట్రేలియా రౌతు మేరీ హానాకు 66.

వీళ్ల వెనక వైద్యులు, ఫిజియోథెరపిస్టులు, శిక్షకులు ఉంటారు. ఈ వ్యాసం వీళ్ల గురించి కాదు. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో సరదాకు గుర్రమెక్కేవారిలో ఎక్కువమంది మహిళలే. వారిలో నలభైలు, యాభైల్లో ఉన్నవారు తక్కువేమీ కాదు. పిల్లలు చేతికందాక చిన్ననాటి ఇష్టానికి మళ్లీ వచ్చినవారు కొందరు, ఏనాడూ మాననివారు కొందరు, ఆ వయసులోనే మొదటిసారి రికాబులో కాలు పెట్టినవారు మరికొందరు. అక్కడ స్థిరపడిన తెలుగు మహిళలకైనా, హైదరాబాద్ శివార్లలో స్వారీ నేర్చుకునేవారికైనా ఒంటి లెక్క ఒకటే.

48 ఏళ్ల మహిళ ఒకామె డాక్టరు దగ్గరికి వెళ్లిందనుకుందాం. మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. చిన్నదానికే చిరాకు. తల దిమ్ము. ఏళ్ల తరబడి ఎక్కుతున్న గుర్రం దగ్గరికి వెళ్లాలన్నా గుండె దడ. డాక్టరు వయసు చూసి, నెలసరి గురించి అడిగి, ముట్లుడిగే దశ మొదలైందంటారు. అది నిజమే కావచ్చు. కానీ ఆరు వారాల కిందట పొదలోంచి ఎగిరిన పక్షికి గుర్రం బెదరడంతో ఆమె కిందపడి భుజం నేలకు తగిలిన సంగతి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇదే కథ తిరగేసీ జరుగుతుంది. పడిన తరవాత మొదలైన నిద్రలేమి, మరుపు అన్నీ దెబ్బ ఖాతాలోనే పడిపోతాయి, రెండేళ్లుగా గతి తప్పిన నెలసరిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

తలకు అదురుదెబ్బ తగిలినప్పటి లక్షణాలనూ, ఈస్ట్రోజెన్ తగ్గుతున్నప్పటి లక్షణాలనూ పక్కపక్కన రాసి చూస్తే ఏ జాబితా దేనిదో పోల్చుకోవడం కష్టం. నడివయసులో స్వారీ చేసే మహిళల ఆరోగ్యంలో అన్నిటికంటే ముందు విప్పవలసిన ముడి ఇదేనని నా అభిప్రాయం. నడుము, మోకాలు, బరువు గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. దీని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

ఈస్ట్రోజెన్ తగ్గితే తలలో జరిగేది

వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. పాశ్చాత్య దేశాల్లో ఇది సగటున 51 ఏళ్ల దగ్గర, భారతీయ మహిళల్లో 46, 47 ఏళ్లకే జరుగుతుంది. ఒడిదుడుకులు మాత్రం అంతకు కొన్నేళ్ల ముందే మొదలవుతాయి. ఆ కాలాన్నే పెరిమెనోపాజ్ అంటారు. ఆ ఏళ్లలో ఈస్ట్రోజెన్ మెట్లు దిగినట్టు పద్ధతిగా దిగదు. ఒక నెల మామూలు కంటే ఎక్కువకు ఎగబాకుతుంది, మరో నెల అట్టడుగుకు పడుతుంది. ఇవాళ చేయించిన రక్తపరీక్ష వచ్చే వారానికి చెల్లదు. అందుకే 45 దాటిన మహిళల్లో లక్షణాలను బట్టే నిర్ధారించాలి, హార్మోన్ల పరీక్ష అక్కర్లేదని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ చెబుతుంది.

ఈ హార్మోన్ పని గర్భసంచితోనే ఆగదు. జ్ఞాపకాలను పోగుచేసే హిప్పోక్యాంపస్, ఆలోచించి నిర్ణయం తీసుకునే ముందు మెదడు, ఒంటి వేడిని చూసుకునే హైపోథలమస్, అన్నింటిలోనూ ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకాలు ఉన్నాయి. హైపోథలమస్‌లోని ఒక నాడీకణాల గుంపును ఈస్ట్రోజెన్ అదుపులో ఉంచుతుంది. ఆ అదుపు సడలితే ఆ కణాలు చెలరేగుతాయి. ఒంటి వేడి ఏ కాస్త పెరిగినా ఒళ్లు ఉడికిపోతోందని మెదడు పొరబడుతుంది. చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుంటాయి, చెమట ధారకడుతుంది. వేడి ఆవిర్లంటే ఇవే. 2023లో అమెరికాలో అనుమతి పొందిన ఫెజోలినెటాంట్ అనే మందు ఈస్ట్రోజెన్ జోలికి పోకుండా నేరుగా ఈ కణాల సంకేతాన్నే అడ్డుకుంటుంది. అమెరికాలో 1990ల నుంచి వేలమంది మహిళలను ఏటేటా పరిశీలిస్తూ వచ్చిన స్వాన్ అధ్యయనంలో, తరచుగా ఆవిర్లు వచ్చేవారిలో అవి సాగిన కాలం సుమారు 7.4 ఏళ్లని తేలింది. హెల్మెట్, ఛాతీకి రక్షణ కవచం, మోకాలిదాకా బూట్లు, చేతి తొడుగులు, వీటన్నిటి లోపల ఆ ఆవిరి వస్తే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. తడిసిన తొడుగుల్లోంచి పగ్గాలు జారుతాయి. కళ్లలోకి చెమట దిగుతుంది. దానికోసం హెల్మెట్ బద్దీ వదులు చేసుకునేవాళ్లు ఉన్నారు. అన్నిటికంటే ప్రమాదకరమైన పని అదే.

మరుపు సంగతికి వస్తే కాస్త ఊరటనిచ్చే సమాచారం ఉంది. ఒకే పరీక్షను ఏటా పెడుతుంటే ఎవరికైనా అలవాటు మీద మార్కులు కొద్దిగా పెరుగుతాయి. స్వాన్ బృందం 2009లో ప్రచురించిన ఫలితాల ప్రకారం పెరిమెనోపాజ్ ఏళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. ముట్లుడిగిపోయిన తరవాత మళ్లీ కనిపించింది. అంటే చాలామందిలో ఈ మసక తాత్కాలికం. మతిమరుపు జబ్బుకు (డిమెన్షియాకు) తొలి మెట్టేమోనని హడలిపోవలసిన పని లేదు.

భయం మాట వేరు. అండం విడుదలైన నెలలో ప్రొజెస్టరాన్ తయారవుతుంది. దానినుంచి మెదడులో అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం పుడుతుంది. నాడులను నెమ్మదింపజేసే గాబా వ్యవస్థకు అది ఊతం. పెరిమెనోపాజ్‌లో అండం విడుదల కాని నెలలు పెరుగుతాయి కనుక ఆ ఊతం అందీ అందకుండా ఉంటుంది. దీనికి నిద్రలేమి తోడవుతుంది. నిన్నటిదాకా కంచె దూకించిన మనిషి ఇవాళ గేటు దాటడానికి జంకుతుంది. శిక్షకుడు ‘ధైర్యం తెచ్చుకో’ అంటాడు. ధైర్యం అంగట్లో దొరికేదైతే తెచ్చుకునేదే. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన సామెత. రౌతు బిగుసుకుపోయినా చిక్కే. భయపడ్డ మనిషి ఊపిరి బిగబడుతుంది, తొడలు జీనును నొక్కుతాయి, చేతులు పగ్గాలను గుంజుతాయి. తొడల ఒత్తిడి గుర్రానికి ‘కదులు’ అనే ఆజ్ఞ. పగ్గాల గుంజుడు ‘ఆగు’ అనే ఆజ్ఞ. రెండూ ఒకేసారి అందితే నెమ్మదైన గుర్రం కూడా గాభరాపడుతుంది. అలా లోపలి భయం బయటి ప్రమాదమవుతుంది. దీన్ని పిరికితనంగా కాక ఒంటి లక్షణంగా చూసి డాక్టరుకు చెప్పుకుంటే మందో, మాటల చికిత్సో, కొన్నాళ్లు మరో గుర్రమో, ఏదో ఒక దారి దొరుకుతుంది.

నేలకు తగిలినప్పుడు

జీనులో కూర్చున్న మనిషి తల నేలకు సుమారు రెండున్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. కింద 500 కిలోల జంతువు కదులుతూ ఉంటుంది, దానికి సొంత అభిప్రాయాలూ ఉంటాయి. క్రీడల్లో తల దెబ్బలనగానే అందరికీ అమెరికన్ ఫుట్‌బాల్, బాక్సింగ్ గుర్తుకొస్తాయి. కానీ అమెరికా జాతీయ ట్రామా (తీవ్ర గాయాల) సమాచార నిధిలో 2003 నుంచి 2012 వరకు నమోదైన కేసులను పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆటల్లో మెదడుకు దెబ్బ తగిలి ఆసుపత్రికి వచ్చిన పెద్దవాళ్లలో 45.2 శాతం మందికి గుర్రపు స్వారీ, దాని సంబంధిత క్రీడలే కారణమని తేలింది. అన్ని క్రీడల్లోకీ అదే మొదటిది. ఇవి ట్రామా కేంద్రాలదాకా వెళ్లిన కేసులు. బట్టలు దులుపుకుని మళ్లీ జీనెక్కినవారి లెక్క ఇందులో లేదు.

హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, ప్రాణాలు నిలుపుతుంది. పుర్రె లోపల మెదడు గిర్రున మెలితిరగడాన్ని మాత్రం పూర్తిగా ఆపలేదు. ఆ మెలికలో నాడీకణాల సన్నని తంతువులు సాగుతాయి, కణాలకు శక్తి సరఫరా కొన్నాళ్లు అస్తవ్యస్తమవుతుంది. దీన్నే కంకషన్ అంటారు. స్పృహ తప్పితేనే కంకషన్ అన్నది అపోహ, చాలామందికి స్పృహ తప్పదు. తల నేలకు తగలనవసరం కూడా లేదు. భుజం మీదో పిరుదుల మీదో పడినప్పుడు మెడ విదిలిన ఊపు చాలు. సీటీ స్కాన్ రక్తస్రావాన్నీ పుర్రె పగులునూ చూపిస్తుంది కానీ తంతువుల సాగుడును చూపించదు. ‘స్కానులో ఏమీ లేదన్నారు’ అంటే గండం గడిచిందనే, దెబ్బ లేదని కాదు. మహిళల్లో కంకషన్ లక్షణాలు ఎక్కువగా, ఎక్కువ కాలం ఉంటాయని పలు అధ్యయనాలు చూపాయి. మెడ కండరాల బలం తక్కువ కావడం ఒక కారణం కావచ్చంటారు.

అనుభవం ఈ ప్రమాదాన్ని తప్పించలేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున డ్రెస్సాజ్ ఆడిన కోర్ట్నీ కింగ్ డై 2010 మార్చిలో ఒక గుర్రానికి శిక్షణ ఇస్తుండగా అది తడబడి పడింది. ఆ పూట ఆమె హెల్మెట్ పెట్టుకోలేదు. వారాల తరబడి కోమాలో ఉండి, నడక, మాట మళ్లీ నేర్చుకుని, ఆ తరవాత హెల్మెట్ ప్రచారానికి ముఖమైంది. డ్రెస్సాజ్ పెద్ద పోటీల్లో అంతవరకూ టాప్ హ్యాట్ అనే పొడవాటి టోపీ పెట్టుకోవడమే మర్యాద. 2021 నుంచి అంతర్జాతీయ సమాఖ్య పోటీల్లో హెల్మెట్ తప్పనిసరి అయింది.

ఏది ఎవరి పని?

తలనొప్పి, నిద్రలేమి, మరుపు, చిరాకు, దిగులు, అలసట, కళ్లు తిరగడం. ఇవన్నీ రెండు వైపులా ఉన్నవే. విడదీయడానికి మొదట పనికొచ్చేది క్యాలెండర్. కంకషన్‌కు ఒక తేదీ ఉంటుంది. పడిన గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో మొదలై, మామూలుగా వారాల్లో తగ్గుముఖం పడుతుంది. హార్మోన్ల తేడాకు తేదీ ఉండదు, నెలల తరబడి వస్తూ పోతూ ఉంటుంది.

రెండోది, ఏం చేస్తే పెరుగుతుందన్నది. మెట్లెక్కినా, వంగి బూటు తొడుక్కున్నా, ఫోను తెర చూసినా, పెద్ద దుకాణంలో లైట్ల మధ్య నడిచినా తలనొప్పి, వికారం ఎక్కువైతే దెబ్బను అనుమానించాలి. మెడ తిప్పితే నొప్పి, దాంతోపాటు తలతిరుగుడు ఉన్నా అంతే. రాత్రి పక్క తడిసేలా చెమట, గతి తప్పిన నెలసరి, యోని పొడిబారడం, పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకోవడం ఉంటే హార్మోన్ల వైపు చూడాలి.

ఇంత తేలిగ్గా తేలితే దీనికి వ్యాసం అక్కర్లేదు. మంచం మీద పక్కకు దొర్లగానే గది గిర్రున తిరగడాన్ని తీసుకోండి. లోపలి చెవిలో ఉండే కాల్షియం రేణువులు చోటు తప్పితే ఇలా అవుతుంది. తలకు దెబ్బ తగిలినా ఇది వస్తుంది, యాభై దాటిన మహిళల్లో ఏ దెబ్బా లేకుండానూ వస్తుంది. కారణం ఏదైనా తలను ఒక క్రమంలో తిప్పి ఆ రేణువులను వెనక్కి పంపే ఎప్లీ పద్ధతితో చాలామందికి నిమిషాల్లో నయమవుతుంది. తెలియక నెలల తరబడి తల తిరగకుండా ఉండే మాత్రలు మింగుతూ, ఆ తూలుడుతోనే గుర్రమెక్కేవాళ్లు ఉంటారు.

మరో మెలిక పిట్యూటరీ గ్రంథిది. మెదడు అడుగున సన్నని కాడకు వేలాడే ఈ గ్రంథి బలమైన కుదుపుకు దెబ్బతినవచ్చు. 43 ఏళ్ల మహిళ గట్టిగా పడిన కొన్ని నెలలకు నెలసరి ఆగిపోతే దాన్ని వెంటనే వయసుకు అంటగట్టకూడదు. లేవలేనంత నీరసం, రక్తపోటు పడిపోవడం కూడా ఉంటే కార్టిసాల్, థైరాయిడ్ సహా పిట్యూటరీ హార్మోన్ల పరీక్షలు అడగాలి. ఇక్కడ రక్తపరీక్షకు విలువ ఉంది.

అందుకే ఒక చిన్న నోటుపుస్తకం. జీనులు పెట్టే గదిలో మేకుకు వేలాడదీసినా సరే. ఉదాహరణకు ఇలా: ‘మార్చి 3: గుర్రం బెదిరింది, ఎడమ భుజం మీద పడ్డాను, హెల్మెట్ వెనక గీత. సాయంత్రం వికారం. మార్చి 5: ఫోను చూస్తే తలనొప్పి. మార్చి 9: నెలసరి, 41 రోజుల తరవాత. మార్చి 10: రాత్రి రెండుసార్లు చెమటలు. మార్చి 14: ఫోను చూసినా తలనొప్పి లేదు, నిద్ర మాత్రం లేదు.’ ఈ అయిదు పంక్తులు చదివిన డాక్టరుకు ఫోను చూస్తే వచ్చే తలనొప్పి దెబ్బదనీ, అది తగ్గుతోందనీ, నిద్రలేమికి వేరే కారణం వెతకాలనీ అర్థమవుతుంది. నోటిమాటగా ‘ఈ మధ్య ఒంట్లో బాగుండటం లేదు’ అంటే అర్థమయ్యేది తక్కువ. పడిన ప్రతిసారీ రాసుకోవాలి. స్వారీ చేసేవాళ్లు పడటాన్ని లెక్కపెట్టరు, దాన్ని గొప్పగా కూడా చెప్పుకుంటారు. డాక్టర్లలోనూ ‘గుర్రం ఎక్కుతారా?’ అని అడిగేవారు అరుదు.

నోటుపుస్తకంతో పనిలేని సందర్భాలూ ఉన్నాయి. పడిన తరవాత మళ్లీ మళ్లీ వాంతులు, అంతకంతకూ పెరిగే తలనొప్పి, మగతగా ఉండి లేపినా సరిగా లేవకపోవడం, మూర్ఛ, చేయి లేదా కాలు బలహీనపడటం, ముక్కు లేదా చెవిలోంచి నీరులాంటి ద్రవం కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అత్యవసర విభాగానికి వెళ్లాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారైతే తలకు దెబ్బ తగిలాక హాయిగా ఉన్నట్టు అనిపించినా చూపించుకోవాలి.

ఎముక, కండరం, ఎవరూ నోరెత్తని కొన్ని

స్వారీలో కష్టమంతా గుర్రానిదే అనుకునేవారికి ఒక లెక్క. ఊరికే కూర్చున్నప్పటితో పోలిస్తే గుర్రం నడకలో రౌతు ఒళ్లు ఖర్చుచేసే శక్తి సుమారు 3.8 రెట్లు, ట్రాట్ అనే ఎగిరెగిరి వేసే పరుగులో 5.8 రెట్లు, అంతకంటే వేగమైన క్యాంటర్‌లో 7.3 రెట్లు. లద్దె ఎత్తడం, పది లీటర్ల నీళ్ల బకెట్లు మోయడం, గడ్డి మోపులు సర్దడం వీటికి అదనం. బ్రిటిష్ హార్స్ సొసైటీ కోసం బ్రైటన్ విశ్వవిద్యాలయం 2011లో చేసిన అధ్యయనంలో అశ్వశాల శుభ్రం చేసే పని కూడా ఓ మోస్తరు వ్యాయామంగా లెక్కకొచ్చింది. వారానికి 150 నిమిషాల వ్యాయామం కావాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క గుర్రమున్న మనిషికి తేలిగ్గానే నిండుతుంది. గుండెకు, ఊపిరితిత్తులకు, తూకం పట్టి కూర్చునే నడుము కండరాలకు ఇది మేలే.

ఎముకకు మాత్రం ఇది చాలదు. సొంత బరువు నేలను తాకే అదురుకు, బరువులెత్తినప్పటి ఒత్తిడికి ఎముక గట్టిపడుతుంది. జీనులో కూర్చుంటే ఆ అదురును చాలావరకు గుర్రం కాళ్లే తీసుకుంటాయి. ఇటు ఎముక కరిగేదీ ఈ వయసులోనే. చివరి నెలసరికి ఏడాది ముందు మొదలై, తరవాత రెండేళ్లదాకా సాగే కాలంలో నడుము వెన్నుపూసల ఎముక సాంద్రత సగటున 7 శాతం మేర తగ్గిందని స్వాన్ అధ్యయనం లెక్కగట్టింది. పాతికేళ్లప్పుడు దులుపుకుని లేచిన పడటమే 52 ఏళ్లకు మణికట్టు విరగ్గొడుతుంది. ‘కూర్చున్నట్టుగానే పడ్డాను, నడుము పట్టేసింది’ అని వేడికాపడం పెట్టుకునేవారిలో కొందరికి అసలు జరిగింది పక్కటెముకలు ముగిసి నడుము మొదలయ్యే చోట వెన్నుపూస నలగడం. యాభై దాటాక మణికట్టు విరిగితే సిమెంటు కట్టుతో సరిపెట్టకుండా ఎముక సాంద్రత చెప్పే డెక్సా స్కాన్ కూడా అడగాలి. అందులో టీ స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు.

దీనికి విరుగుడు జీనులో లేదు, బరువులెత్తడంలో ఉంది. ఆస్ట్రేలియాలో జరిగిన లిఫ్ట్‌మోర్ ప్రయోగంలో, ఎముక సాంద్రత తగ్గిన 101 మంది ముట్లుడిగిన మహిళలు పాల్గొన్నారు. వారిలో ఒక బృందం చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, 8 నెలలపాటు నిజంగానే పెద్ద బరువులు ఎత్తించారు. ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 85 శాతానికి పైగా, అయిదేసి సార్లు. దాంతోపాటు గెంతి నేల మీద దిగడం. వారి నడుము ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంటి దగ్గర తేలికపాటి వ్యాయామం చేసిన బృందంలో 1.2 శాతం తగ్గింది. ఇదంతా నిపుణుల కళ్లెదుట జరిగింది, ఫోనులో వీడియో చూసి ఒంటరిగా మొదలుపెట్టే పని కాదు. మరో లాభం కూడా ఉంది. వయసుతో ముందుగా తగ్గేవి చురుకుగా స్పందించే కండర తంతువులు. గుర్రం ఉన్నట్టుండి పక్కకు గెంతినప్పుడు రౌతును జీనులో నిలిపేవి అవే. వాటిని నిలబెట్టేదీ బరువులెత్తడమే.

తుంటి పక్కన నొప్పి, ముఖ్యంగా రాత్రి ఆ వైపు పడుకుంటే పెరిగేది, 40 నుంచి 60 ఏళ్ల మహిళల్లో మామూలు. పిరుదు కండరం ఎముకకు అతుక్కునే స్నాయువు అరగడం వల్ల ఇది వస్తుంది. తుంటి బిగుసుకుందని రౌతులు లాగి సాగదీస్తూ ఉంటారు. ఆ స్నాయువుకు సాగదీయడం మంచిది కాదు, క్రమంగా బలం పెంచడమే మందు.

ట్రాట్‌లో మూత్రం చుక్కలు పడటం గురించి ఎవరూ నోరెత్తరు. నల్ల ప్యాంట్లకు మారతారు, నీళ్లు తాగడం తగ్గిస్తారు, పొడవాటి సవారీలు మానేస్తారు. మూత్రసంచిని కింద నుంచి మోసే కటి అడుగు కండరాలను ఒకసారికి కనీసం ఎనిమిది బిగింపుల చొప్పున రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు సాధన చేయాలని నైస్ సలహా. అయితే భయంతో ఎప్పుడూ బిగబట్టి కూర్చునేవారిలో ఆ కండరాలు వదులు కావడం రాక కూడా ఇబ్బంది వస్తుంది. వారికి బిగింపులు ఇంకా చేటు చేస్తాయి. ఏదో ఒకటి మొదలుపెట్టే ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవడం మేలు. యోని పొడిబారి జీను మీద ఒరుసుకుపోతుంటే అక్కడ పూసే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ ఉంది. అది రక్తంలో కలిసేది చాలా కొద్ది, అయినా దాన్ని అడగడానికి సిగ్గుపడి స్వారీయే మానుకున్నవాళ్లు ఉంటారు.

రెండు వైపులా తూగే త్రాసు

లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో మతిమరుపు జబ్బుకు మార్చుకోదగిన 14 కారణాలను గుర్తించింది. అవన్నీ తొలగిస్తే సుమారు 45 శాతం కేసులను నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని అంచనా. ఆ జాబితాలో వ్యాయామం లేకపోవడం, ఒంటరితనం, దిగులు, నడివయసులో రక్తపోటు ఉన్నాయి. స్వారీ వీటన్నిటికీ ఎదురు నిలుస్తుంది. తలకు తగిలే దెబ్బలు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. అంటే ఒకే అలవాటు త్రాసులో రెండు తట్టల్లోనూ కూర్చుంది. గుర్రం సన్నిధిలో ఏవో హార్మోన్లు ఉప్పొంగి మెదడు నయమైపోతుందని చెప్పే ప్రచారాలకు ఉన్న ఆధారాలు చిన్నవి, వాటిని పక్కన పెట్టవచ్చు. వ్యాయామం చేసే మేలు మాత్రం గట్టిది. పడే అవకాశాన్ని తగ్గించుకుంటే త్రాసు మంచివైపే మొగ్గుతుంది.

హార్మోన్ చికిత్స గురించి రెండు మాటలు. 2002లో అమెరికాలో ఒక పెద్ద ప్రయోగాన్ని మధ్యలో ఆపేసినప్పటి నుంచి జనంలో దీనిమీద భయం స్థిరపడింది. ఆ ప్రయోగంలో చాలామంది అరవై దాటినవారు. 60 ఏళ్లలోపు, లేదా ముట్లుడిగిన పదేళ్లలోపు మొదలుపెడితే, ఆవిర్లతో బాధపడేవారిలో చాలామందికి నష్టం కంటే లాభం ఎక్కువని ఇప్పటి నిపుణుల మాట. ఎముకలకు కూడా ఇది కాపు. రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రల కంటే చర్మానికి అంటించే పట్టీలో తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి లెక్క వేరు. మతిమరుపు జబ్బును అడ్డుకోవడానికని మాత్రం దీన్ని వాడమనరు. 65 దాటాక రెండు హార్మోన్లూ కలిపి మొదలుపెట్టిన మహిళల్లో ఆ జబ్బు పెరిగినట్టే తేలింది.

పడటాన్నీ, పడితే తగిలే దెబ్బనూ తగ్గించే పనులు చాలావరకు సాదాసీదావి. అమెరికాలోని వర్జీనియా టెక్ 2022 చివర్లో స్వారీ హెల్మెట్లకు తల మెలిపడే ఊపును కూడా కొలిచి రేటింగులు ఇవ్వడం మొదలుపెట్టింది. ధరకూ రక్షణకూ సంబంధం లేదని వాటిని చూస్తే తెలుస్తుంది. గట్టిగా తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. నేలమీంచి రికాబులో కాలుపెట్టి ఎగిరి కూర్చోవడం కంటే ఎత్తుపీట వాడటం తుంటికీ, జీనుకూ, గుర్రం వీపుకూ మంచిది. దానికి నామోషీ పడేవారు డెన్మార్క్ రౌతు లిస్ హార్టెల్‌ను తలుచుకోవాలి. 1944లో పోలియో వచ్చి మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడితే, ఇతరులు పట్టి గుర్రం మీద కూర్చోబెడితేనే కూర్చునేది. 1952 హెల్సింకి ఒలింపిక్స్ డ్రెస్సాజ్‌లో మగవాళ్లతో తలపడి రజతం గెలిచింది.

ఇక తలకు దెబ్బ తగిలాక మళ్లీ ఎప్పుడు ఎక్కాలన్న ప్రశ్న. బ్రిటన్‌లో గుర్రప్పందేల జాకీలకు ముందే జ్ఞాపకశక్తి పరీక్షలు చేసి ఉంచుతారు, పడ్డాక వాటితో పోల్చి వైద్యులు ఒప్పుకుంటేనే జీనెక్కనిస్తారు. సరదాకు ఎక్కే మహిళకు ఆ కాపలా లేదు. ఆమె తనకు తానే వైద్యాధికారి. మొదటి రోజో రెండు రోజులో తేలికగా విశ్రాంతి. చీకటి గదిలో వారాల తరబడి పడుకోమనే పాత సలహా ఇప్పుడు చెల్లదు. ఆ తరవాత నడక, పిదప వేగం పెంచిన నడక, గుర్రాన్ని కింద నుంచే తాడు పట్టి నడిపించడం. బకెట్లు, గడ్డి మోపులు ఆ తరవాత. బరువెత్తినా, ఆయాసపడినా లక్షణాలు తిరిగిరావడం లేదని తేలాకే, డాక్టరు సరేనన్నాకే, జీను. మొదటి దెబ్బ మానకుండా రెండోది తగిలితే కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. లక్షణాలు నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే కంకషన్ చూసే నిపుణుల దగ్గరికి వెళ్లాలి, నెలసరి వివరాలున్న ఆ నోటుపుస్తకంతో సహా. హార్మోన్ల సంగతి అక్కడ ఎవరూ అడగకపోతే ఆమే కదపాలి. ముట్లుడిగే దశకు చికిత్స చేసే డాక్టరు దగ్గర పడిన సంగతిని కదిపినట్టే.